బుల్లెట్టు పొగగొట్టములో ప్రేలుడు



1955లో మద్రాసున తయారీ ఆరంభమైన బుల్లెట్టు మోటారు సైకిళ్లలో పాతవి నేటికిని మన పల్లెలలో తిరుగుచున్నవి. వీని యంత్రమునకు నీరులేదు. సిలిండరు రెక్కలకు తగులు గాలియే దానిని చల్లార్చును.

కుడిచేతి పిడి సడలింపగానే పొగగొట్టము తుపాకివలె ప్రేలినచో, యంత్రమంతయు విప్పింపవలదని నా మనవి. కాలక మిగిలిన పెట్రోలు ఆవిరి వేడిగొట్టమును చేరి, సందుగుండ చొచ్చిన గాలితో కలిసి మండుటయే యీ ధ్వనికి కారణము.

కావున మొదట గొట్టము సిలిండరుతో కలియు అతుకును చూడవలెను. అచట నల్లని మసి యున్నచో సందు కలదని యెరుగునది. బండి చల్లారిన పిమ్మట సందులేకుండ బిగింపవలెను.

అప్పటికిని ప్రేలుడు మానకున్న, కార్బొరేటరులోని చిన్నజెట్టును శుభ్రపరచి, కార్బొరేటరు అతుకులో గాలి దూరకుండ చూడవలెను. పెట్రోలు తగ్గి గాలి హెచ్చినచో మిశ్రమము సరిగా మండదు.

పిమ్మట పాయింట్లు. వాని యెడము 0.35 మొదలు 0.40 మిల్లీమీటర్లుండవలెను. నిప్పురవ్వ ఆలస్యమైనను ప్రేలుడు కలుగును.

ధ్వనియే కదా యని ఉపేక్షింపరాదు. పెట్రోలు తక్కువైన మిశ్రమముతో యంత్రము మిక్కిలి వేడెక్కి, పొగ వెడలు వాల్వు మాడిపోవచ్చును. అప్పుడు యంత్రము విప్పక తప్పదు. ఈ వరుసను మీ మెకానిక్కునకు చెప్పి, ముందుగా అతుకునే చూపింపుడు.