గోల్ఫ్ హ్యాండిక్యాప్: వేరే క్లబ్‌లో ఆడిన స్కోరు చెప్పకపోతే ఏమవుతుంది? అసలు లెక్క ఇదీ..

శనివారం వేరే క్లబ్‌లో పోటీ. ఆట అదిరిపోయింది.. కప్పు కూడా వచ్చింది. ఆదివారం సొంత క్లబ్‌లో ఇంకో పోటీ. నిన్నటి స్కోరు సంగతి ఇక్కడ ఎవరికీ తెలియదు. పాత హ్యాండిక్యాప్‌తోనే బరిలోకి దిగి మళ్లీ కప్పు పట్టుకెళ్లిపోతే? తెలిసి చేసినా, తెలియక చేసినా పక్కవాళ్లకు జరిగే అన్యాయం ఒక్కటే. అందుకే బ్రిటన్ లాంటి దేశాల్లో గోల్ఫ్ క్లబ్‌లు ‘అవే స్కోర్’ విషయంలో అంత పట్టుదలగా ఉంటాయి. ఇంతకీ ఆ లెక్కేంటి? ఎవరు చెప్పాలి? చెప్పకపోతే ఏమవుతుంది?

అసలు హ్యాండిక్యాప్ అంటే ఏంటి?

గోల్ఫ్‌లో ఎంత తక్కువ షాట్లలో ఆట ముగిస్తే అంత గొప్ప. మరి కొత్తగా నేర్చుకున్నవాళ్లు, ఇరవై ఏళ్లుగా ఆడుతున్నవాళ్లు ఒకే పోటీలో ఎలా తలపడతారు? దానికి పరిష్కారమే హ్యాండిక్యాప్. ఆటగాడి స్థాయిని బట్టి ఇచ్చే షాట్ల మినహాయింపు అన్నమాట.

ఒకరికి 20 షాట్లు, ఇంకొకరికి 8 షాట్లు మినహాయింపు ఉందనుకుందాం. మొదటి వ్యక్తి 94, రెండో వ్యక్తి 83 కొట్టారు. మినహాయింపు తీసేస్తే 74, 75. అంటే 94 కొట్టిన వ్యక్తే విజేత! ఈ నంబర్ నిజాయితీగా ఉంటేనే పోటీకి అర్థం ఉంటుంది.

ఒకప్పుడు ప్రపంచంలో దీనికి ఆరు వేర్వేరు పద్ధతులు ఉండేవి. వాటిని కలిపి ఆర్ అండ్ ఏ, యూఎస్‌జీఏ సంస్థలు 2020లో ‘వరల్డ్ హ్యాండిక్యాప్ సిస్టమ్’ తెచ్చాయి. ఇంగ్లండ్‌లో ఇది 2020 నవంబర్ 2న అమల్లోకి వచ్చింది.

20లో బెస్ట్ 8

కాలేజీలో మిడ్ ఎగ్జామ్స్‌లో ‘బెస్ట్ ఆఫ్ టూ’ తీసుకుంటారు కదా.. ఇదీ దాదాపు అలాంటిదే. ఆటగాడి చివరి 20 రౌండ్లు రికార్డులో ఉంటాయి. వాటిలో బెస్ట్ 8 తీసుకుని సగటు వేస్తారు. అదే హ్యాండిక్యాప్ ఇండెక్స్. గరిష్ఠంగా 54.0 వరకూ ఉండొచ్చు. కొత్త స్కోరు వచ్చిన ప్రతిసారీ లిస్టులో అన్నిటికన్నా పాతది పోతుంది.

ఇక్కడే అసలు పాయింట్ ఉంది. ఆ 20లో సొంత క్లబ్‌లో ఆడినవే ఉండాలన్న రూల్ లేదు. బయట ఆడిన పోటీ స్కోర్లు కూడా అందులో చేరాల్సిందే.

92 అంటే ఎక్కడైనా 92 కాదు

‘నిన్న 92 కొట్టా’ అని క్లబ్‌లో నోటిమాటగా చెప్తే సరిపోదు. ఎందుకంటే ఏ రెండు కోర్సులూ ఒకేలా ఉండవు. అందుకే ప్రతి కోర్సుకూ రెండు నంబర్లు ఇస్తారు. మంచి ఆటగాడు అక్కడ ఎన్ని షాట్లలో ముగిస్తాడో చెప్పేది కోర్స్ రేటింగ్. మామూలు ఆటగాడికి ఆ కోర్సు ఇంకా ఎంత కష్టమో చెప్పేది స్లోప్ రేటింగ్. స్లోప్ 55 నుంచి 155 దాకా ఉంటుంది. ప్రామాణికంగా తీసుకునేది 113.

లెక్క ఇలా వేస్తారు: స్కోరులోంచి కోర్స్ రేటింగ్ తీసేసి, వచ్చినదాన్ని 113తో గుణించి, స్లోప్‌తో భాగిస్తారు. కోర్స్ రేటింగ్ 71.2, స్లోప్ 128 ఉన్న చోట 92 కొడితే వచ్చేది 18.4. అదే 92ను కోర్స్ రేటింగ్ 68.5, స్లోప్ 113 ఉన్న చోట కొడితే 23.5. స్కోరు ఒక్కటే.. కానీ విలువలో ఐదు షాట్ల తేడా!

ఆ రోజు గాలి, వాన వల్ల అందరి స్కోర్లూ దెబ్బతింటే దానికీ చిన్న సర్దుబాటు ఉంటుంది. కనీసం 8 మంది స్కోర్లు వస్తేనే సిస్టమ్ దాన్ని లెక్కిస్తుంది. అంటే అతిథిగా వెళ్లి ఆడినవాళ్ల స్కోరు ఆ రోజు అక్కడ ఆడిన మిగతావాళ్లకూ పనికొస్తుంది.

దాచేస్తే ఎవరికి నష్టం?

ఒకరి ఇండెక్స్ 16.0 అనుకుందాం. బెస్ట్ 8లో చివరిది 17.6. బయటి పోటీలో 9.6 వచ్చింది. అది చేరితే 17.6 పక్కకు వెళ్లి, ఇండెక్స్ 15.0కి దిగుతుంది. చేరకపోతే 16.0లోనే ఉండిపోతుంది. ఒక్క షాట్ తేడాతో కప్పులు చేతులు మారే ఆటలో అది పెద్ద విషయమే. ఇండెక్స్ కన్నా 7 షాట్లు, అంతకన్నా మెరుగ్గా ఆడితే సిస్టమ్ అదనంగా ఇంకో షాట్ కోస్తుంది. 10 లేదా అంతకన్నా ఎక్కువైతే రెండు.

ఇలా మంచి స్కోర్లు దాచి హ్యాండిక్యాప్ పెంచుకునేవాళ్లను బ్రిటన్‌లో ‘బాండిట్’ అంటారు. అమెరికాలో ‘శాండ్‌బ్యాగర్’. క్లబ్‌లో ఒక్కసారి ఈ పేరు పడిందంటే పోగొట్టుకోవడం కష్టం.

మరి చెత్తగా ఆడిన రౌండ్ చెప్పకపోతే? ‘అది ఎలాగూ బెస్ట్ 8లోకి రాదు కదా’ అని చాలామంది అనుకుంటారు. కానీ అది చేరినప్పుడు పాత రౌండ్ ఒకటి బయటికి పోతుంది. పోయేది మంచి రౌండ్ అయితే ఇండెక్స్ పెరుగుతుంది. ఫామ్ తగ్గిన ఆటగాడికి న్యాయంగా రావాల్సిన షాట్లు అవి. చెప్పకపోతే నష్టం సొంతానికే.

స్కోరు దానంతట అదే వెళ్లిపోదా?

ఒకప్పుడు కార్డు పట్టుకొచ్చి హోమ్ క్లబ్ హ్యాండిక్యాప్ సెక్రటరీకి ఇవ్వాల్సి వచ్చేది. ఇప్పుడు ఇంగ్లండ్‌లో పోటీ పెట్టిన క్లబ్ ఆటగాడి సభ్యత్వ నంబర్‌తో ఎంట్రీ తీసుకుంటే, స్కోరు సాధారణంగా కంప్యూటర్‌లోనే రికార్డుకు చేరుతుంది. కానీ నంబర్ తప్పుగా పడినా, ఆడింది వేరే దేశంలో అయినా స్కోరు మధ్యలో ఆగిపోవచ్చు. చేరిందో లేదో చూసుకోవాల్సిన బాధ్యత ఆటగాడిదే. ఆడిన రోజే, అర్ధరాత్రిలోపు ఎక్కించడం మంచి పద్ధతి. అప్పుడే మర్నాటికి కొత్త ఇండెక్స్ వస్తుంది.

చేరలేదని తేలితే హోమ్ క్లబ్‌కు ఇవ్వాల్సినవి ఇవీ:

- తేదీ, కోర్సు పేరు, ఏ టీ నుంచి ఆడారు
- ఆ టీకి ఉన్న పార్, కోర్స్ రేటింగ్, స్లోప్ రేటింగ్
- ప్రతి హోల్‌కూ కొట్టిన షాట్లు
- ఆటగాడు, మార్కర్ ఇద్దరూ సంతకం చేసిన కార్డు.. కనీసం ఫొటో అయినా

రెండు మూడు క్లబ్‌లలో సభ్యత్వం ఉన్నా హోమ్ క్లబ్ ఒక్కటే, ఇండెక్స్ ఒక్కటే. క్లబ్‌కో హ్యాండిక్యాప్ కుదరదు.

ఏవి లెక్కలోకి రావు?

రేటింగ్ లేని కోర్సులో ఆడినవి, ఒంటరిగా ఆడినవి, టీమ్ అంతా కలిసి ఆడే స్క్రాంబుల్, ఇద్దరూ ఒకే బంతితో ఆడే ఫోర్సమ్స్ లెక్కలోకి రావు. బ్రిటన్‌లో పోటీ కాకుండా సరదాగా ఆడిన రౌండ్‌ను కూడా చేర్చొచ్చు. కాకపోతే ఆట మొదలుపెట్టే ముందే నమోదు చేసుకోవాలి. ఆడాక చూసి, నచ్చితేనే ఎక్కిస్తానంటే కుదరదు.

కావాలని దాస్తే?

క్లబ్ హ్యాండిక్యాప్ కమిటీ ముందు కారణం అడుగుతుంది. అసలు స్కోరు దొరికితే అదే రికార్డులో పెట్టొచ్చు. దాంతోపాటు ‘పెనాల్టీ స్కోర్’ కూడా వేయొచ్చు. లాభం కోసం మంచి స్కోరు దాచినవాళ్లకు రికార్డులోని బెస్ట్ స్కోరుతో సమానమైన నంబర్ పడుతుంది. పదేపదే చేస్తే హ్యాండిక్యాప్ కొంతకాలం రద్దు చేసే అధికారం కూడా ఉంది. అయితే ఆటగాడి మాట వినకుండా రద్దు చేయకూడదు.

సెలవుల్లో హైదరాబాద్ వచ్చి ఆడితే?

లండన్‌లోనో డాలస్‌లోనో క్లబ్ సభ్యత్వం ఉన్న తెలుగువాళ్లు సెలవులకు వచ్చినప్పుడు గోల్కొండ దగ్గరి హైదరాబాద్ గోల్ఫ్ అసోసియేషన్ కోర్సులోనో, విశాఖ ఈస్ట్ పాయింట్‌లోనో పోటీ ఆడారనుకుందాం. సూత్రం అదే. ఆడిన టీకి రేటింగ్ ఉండి, ఆట రూల్స్ ప్రకారం జరిగితే ఆ స్కోరు హోమ్ క్లబ్‌కు చేరాలి. విమానం ఎక్కేముందు కార్డును ఒక్క ఫొటో తీసి పెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

క్రికెట్‌లో అంపైర్ ఉంటాడు, థర్డ్ అంపైర్ కూడా ఉంటాడు. క్లబ్ గోల్ఫ్‌లో చాలాసార్లు ఉండేది ఆటగాడు, మార్కర్, ఒక కార్డు.. అంతే. ఆ కార్డు రికార్డుకు చేరితేనే ఆదివారం గెలిచిన కప్పుకు విలువ.