వాన లెక్కకు వెయ్యి చేతులు

జూన్ వచ్చిందంటే అనంతపురం మెట్టరైతు చూపు మబ్బు మీదే. అక్కడ ఏడాది మొత్తానికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లే. ఒక్క పదును చూసి వేరుశనగ విత్తాక వాన ముఖం చాటేస్తే... విత్తనం, కూలి, అప్పు అన్నీ మట్టిపాలు! 'ఈ వారం వానుందా?' అన్న చిన్న ప్రశ్నకు జవాబు చెప్పడానికి కంప్యూటర్ కోటానుకోట్ల లెక్కలు చేయాలి. ఆ లెక్కల్ని ఒక్క ప్రాసెసర్‌తో కాకుండా చాలా ప్రాసెసర్లకు పంచి చేయించే ప్రయత్నం మనదేశంలో మొదలైన రోజుల్లో దానికి అండగా నిలిచిన శాస్త్రవేత్త ఇంటిపేరు... రొద్దం!

పెనుకొండ దగ్గరి రొద్దం ఒకప్పుడు అనంతపురం జిల్లాలోది. 2022 నుంచి శ్రీసత్యసాయి జిల్లాలో ఉంది. రొద్దం నరసింహ (1933-2020) పూర్వీకులది ఆ ఊరే. ఆయన బెంగళూరులోని ఎన్ఏఎల్ డైరెక్టరుగా ఉండగా 1986లో 'ఫ్లోసాల్వర్' పుట్టింది. యు.ఎన్.సిన్హా బృందం రూపొందించిన ఈ సమాంతర కంప్యూటర్ మొదటి పని విమానాల చుట్టూ గాలి ప్రవాహాన్ని లెక్కగట్టడం. 1990ల్లో అది రుతుపవనాల వైపు మళ్లింది. గాలి ఎక్కడైనా గాలేగా!

అప్పట్లో ఢిల్లీలో వాతావరణ అంచనాకు వాడే 'టి-80' నమూనా ఒకే ప్రాసెసరున్న అమెరికా యంత్రం 'క్రే' మీద నడిచేది. దాన్ని ఫ్లోసాల్వర్ మీద నడిపించాలి. పది ప్రాసెసర్లు పెడితే పని పది రెట్లు వేగంగా అయిపోతుందా? అంత తేలిక కాదు. శనక్కాయ పెరికే కూలీలనే తీసుకోండి. ప్రతి సాలు చివరా అందరి గంపలూ మేస్త్రీ కొలిచాకే తర్వాతి సాలు పట్టాలంటే? కూలీలు పెరిగేకొద్దీ కొలత దగ్గర వరస పెరుగుతుంది. చేతులు ఖాళీ! ప్రాసెసర్లదీ అదే కష్టం. భూగోళాన్ని పట్టీలుగా కోసి పంచుకున్నా, అడుగడుగునా అందరి లెక్కలూ కలిపితే తప్ప ముందుకు కదలవు. అందుకే తర్వాతి ఫ్లోసాల్వర్లలో 'ఫ్లోస్విచ్' పెట్టారు. అంకెల్ని మోసుకెళ్తూనే దారిలో కూడికలు చేసేస్తుందది. పాత ప్రోగ్రామునూ తిరగరాశారు. అలా తయారైందే 'వర్ష' నమూనా.

ఇంత శ్రమ ఎందుకంటారా? టి-80 ప్రపంచాన్ని సుమారు 150 కిలోమీటర్ల గడులుగా చూసేది. 19,130 చదరపు కిలోమీటర్ల ఉమ్మడి అనంతపురం జిల్లా అంతా దాదాపు ఒక్క గడి! ఉరవకొండకూ హిందూపురానికీ ఒకటే వాన. గడి పక్కను సగం చేస్తే గడులు నాలుగింతలవుతాయి. కాలాన్నీ సగం అంగల్లో లెక్కించాలి కాబట్టి పని ఎనిమిదింతలు. ఈ లెక్కన 150 నుంచి 6 కిలోమీటర్లకు దిగాలంటే పని పదిహేను వేల రెట్లకు పైమాటే.

అక్కడికీ చేరుకున్నాం. పుణెలో 2024లో ప్రారంభమైన 'అర్క' సామర్థ్యం సెకనుకు 11,770 లక్షల కోట్ల లెక్కలు. 2025 మేలో 6 కిలోమీటర్ల గడులతో భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ మొదలైంది. ఉమ్మడి జిల్లా ఇప్పుడు ఐదు వందలకు పైగా గడులు!

అయినా అంచనా అంచనాయే. ఏ చేలో చినుకు పడుతుందో ఖాయంగా చెప్పే యంత్రం ఇంకా పుట్టలేదు. కానీ విత్తనాల మూట విప్పాలా, వారం ఆగాలా అని తేల్చుకునే రైతుకు జిల్లా అంతటికీ ఒకే జవాబు కన్నా తన ఊరి చుట్టుపక్కల జవాబు మేలు కదా!