ఉన్ని బుట్ట అల్లే ముందు దారం చూసుకోండి

వేడినీళ్లలో ఉతికిన ఉన్ని స్వెటరు చిన్నదై బిగుసుకుపోవడం మీరు చూసే ఉంటారు. సామాన్లు వేసుకునే ఉన్ని బుట్టకు ఆ గుణమే ఆధారం. చేతితో తిప్పే గుండ్రటి అల్లిక యంత్రంపై వదులుగా గొట్టంలా అల్లి, ఒక చివర దారం లాగి మూసేయండి. సబ్బు కలిపిన వేడినీళ్లలో అల్లిక కళ్లు కనిపించకుండా పోయేదాకా పిసకండి. వెడల్పు కన్నా పొడవు ఎక్కువ తగ్గుతుంది, అందుకని పొడుగ్గానే అల్లుకోవాలి. తడిమీదే గిన్నెకు తొడిగి ఆరబెట్టండి.

చిక్కంతా దారంతోనే. బజారులో ‘ఉన్ని’ అని ఇచ్చేది అక్రిలిక్ కావచ్చు. అది ఎంత పిసికినా బిగుసుకోదు. డబ్బూ, రెక్కల కష్టమూ దండగ! కొనేముందు పోగు కొస కాల్చండి. వెంట్రుక కాలిన వాసన వస్తే ఉన్ని, కరిగి పూస కడితే కాదు. మన దక్కనీ గొర్రెల ఉన్ని ముతక. ఎగుడుదిగుడుగా వడికితే సూదుల్లో ఇరుక్కుంటుంది. ఏ దారమైనా ముందు జానెడు ముక్క అల్లి, కొలిచి, ఉతికి, మళ్లీ కొలవండి.