పక్కపక్కన రెండు విండోలు

తమ్ముళ్లూ! స్కాలర్‌షిప్ ఫారంలో మెమో నంబరు గుర్తుంచుకుని కొట్టాం. ఒక్క అంకె తప్పింది. సరిదిద్దించడానికి అరసవల్లి నుంచి శ్రీకాకుళం ఎన్నిసార్లు తిరిగామో!

2009లో వచ్చిన విండోస్ 7 నుంచీ దీనికి ఉపాయం ఉంది. విండోస్ కీ పట్టుకుని ఎడమ బాణం నొక్కితే మెమో ఎడమ సగానికీ, కుడి బాణం నొక్కితే ఫారం కుడి సగానికీ సర్దుకుంటాయి.

రెండో మానిటరు గానీ ప్రొజెక్టరు గానీ తగిలిస్తే, విండోస్ కీతో ‘పి’ నొక్కి ‘ఎక్స్‌టెండ్’ ఎంచుకోవాలి. విండోస్ కీ, షిఫ్ట్, బాణం కలిపి నొక్కితే విండో ఒక తెర నుంచి రెండోదానికి వెళ్తుంది. వైరు తీశాక విండో కనబడకపోతే కంగారు వద్దు. ఆల్ట్, ట్యాబ్‌లతో దాన్ని ఎంచుకుని, విండోస్ కీతో బాణం నొక్కి చూడండి.

ఫారం పంపేముందు రెండూ పక్కపక్కన పెట్టి ప్రతి అంకె సరిచూసుకోండి. ఒక్క అంకెకు ఏడాది ఫీజు ఆగిపోవచ్చు.