పినాంగ్ నీళ్ల కింద

ముందుగా ఒక మాట నేర్చుకోండి: జలాంతర్గామి. జలం అంటే నీళ్లు. అంతర్ అంటే లోపల. గామి అంటే వెళ్లేది. నీళ్ల లోపల వెళ్లేది కాబట్టి సబ్‌మెరైన్‌కు తెలుగులో ఆ పేరు వచ్చింది. పెద్ద మాటే. మూడు ముక్కలు చేసి పలికితే నోరు తిరుగుతుంది.

బ్రిటిష్ నౌకాదళంలో ‘టీ’ తరగతి జలాంతర్గాములు ఉండేవి. రెండో ప్రపంచ యుద్ధానికి కొంచెం ముందు మొదలుపెట్టి, యుద్ధం పొడవునా కడుతూ మొత్తం 53 కట్టారు. అన్నిటి పేర్లూ ఇంగ్లిష్ ‘టీ’ అక్షరంతోనే మొదలవుతాయి: టారస్, ట్రెంచంట్, టాలీ హో. (నక్క కనబడగానే ఇంగ్లండ్ వేటగాళ్లు వేసే కేక ‘టాలీ హో’. భలే పేరు పెట్టారు!) పొడవు సుమారు 84 మీటర్లు. లోపల 60 మంది. నీటి పైన డీజిల్ ఇంజన్‌తో నడుస్తూ బ్యాటరీలు చార్జ్ చేసుకునేవి. మునిగాక ఆ బ్యాటరీలే దిక్కు.

ఇవి మన సముద్రంలోకి ఎందుకు వచ్చాయి?

1941 డిసెంబరులో జపాన్ సైన్యం మలయాలో దిగింది. తర్వాత పినాంగ్ రేవును తన జలాంతర్గాములకు స్థావరంగా చేసుకుంది. జర్మన్లు కూడా అక్కడికి వచ్చారు. జర్మనీకి రబ్బరు కావాలి, తగరం కావాలి. రెండూ మలయాలో ఉన్నాయి. మన పెద్దలు సముద్రం దాటి వచ్చి, తెల్లవారకముందే లేచి గీసింది ఆ రబ్బరు చెట్లనే.

బ్రిటిష్ జలాంతర్గాములు సిలోన్‌లోని ట్రింకోమలీ నుంచి బయలుదేరి మలక్కా జలసంధిలోకి వచ్చేవి. ఇక్కడ లోతు తక్కువ. పినాంగ్ దగ్గర టాలీ హోను నిలువుగా నిలబెడితే తోక నేలకు తగిలి, ముక్కు నీటి పైకి వస్తుంది. శత్రువు చూస్తే దాక్కోవడానికి చోటు లేదన్నమాట.

అయినా వచ్చాయి. 1943 నవంబరు 13న టారస్ పినాంగ్ బయట కాచుకుని ఐ-34 అనే జపాన్ జలాంతర్గామిని ముంచింది. అది రబ్బరు, తగరం, క్వినైన్ మోసుకుని యూరప్ వెళ్లాల్సిన పడవ. 1944 జనవరి 11న కూమా అనే పెద్ద యుద్ధనౌక, తోడుగా ఇంకో నౌకతో, పినాంగ్ నుంచి బయలుదేరింది. ఎందుకో తెలుసా? జలాంతర్గాములను వేటాడడం సాధన చేయడానికి! టాలీ హో కెప్టెన్ బెన్నింగ్టన్ ఏడు టార్పీడోలు వదిలాడు. రెండు తగిలాయి. 138 మంది నావికులు చనిపోయారు.

మరుసటి నెల టాలీ హోకే చావు తప్పింది. ఫిబ్రవరి 24న చీకట్లో ఒక జపాన్ టార్పీడో పడవ దాని ఎడమ పక్కను రాసుకుంటూ పోయింది. ఆ పడవ ప్రొపెల్లర్ రెక్కలు టాలీ హో ఎడమ వైపు ట్యాంకులను డబ్బా రేకులా కోసేశాయి. ఒక పక్కకు ఒరిగిపోయి కూడా అది ట్రింకోమలీ చేరింది.

ఈ కథలు బ్రిటిష్ పుస్తకాల్లో బాగానే దొరుకుతాయి. తోటల్లో ఉన్న మనవాళ్ల వైపు నుంచి చూసింది తక్కువ. పెద్ద ఓడలు కరువయ్యాక జలాంతర్గాములు చిన్న సరుకు పడవలను, తెరచాప పడవలను కూడా ఫిరంగులతో ముంచాయి. మలయా తినే బియ్యంలో చాలా భాగం బర్మా, సయాం నుంచి రావాలి. పడవలు తగ్గితే బియ్యం తగ్గుతుంది. అదొక్కటే కారణం అంటే అన్యాయం. జపాన్ సైన్యం ముందు తన కడుపు చూసుకుంది. తోటల నుంచి తమిళులను, తెలుగువాళ్లను సయాం-బర్మా రైలు దారి పనికి పట్టుకుపోయింది. చాలామంది తిరిగి రాలేదు. మిగిలినవాళ్లు ఉబి కాయు తిని బతికారు. తెలుగులో దాన్ని కర్రపెండలం అంటారు. ఇంట్లో ముసలివాళ్లు కొందరు దాన్ని ఇప్పటికీ ముట్టుకోరు, గమనించారా?

టాలీ హోను 1967లో ముక్కలు చేసి పాత ఇనుముగా అమ్మేశారు. ఆ కాలం చూసిన మన పెద్దలు ఇప్పుడు ఎక్కువ మంది లేరు. వాళ్ల పిల్లలు ఉన్నారు. ఈ వారం తెలుగులోనే అడిగి చూడండి: “అమ్మమ్మా, జపాన్ కాలంలో ఇంట్లో ఏం వండేవాళ్లని మీ అమ్మ చెప్పేది?”