ఆగి, వెనక్కి నడిచిన చుక్క

పరదరామి నుంచి ఒక పాఠకురాలు రాశారు: "క్రిస్మస్ నెలలో మా వీధిలో కాగితం చుక్కలు వేలాడదీస్తారు. జ్ఞానులకు దారి చూపిన ఆ చుక్క నిజంగా ఆకాశంలో కనిపించిందా?" ఈ ప్రశ్న చదివాక మరో పని మీద మనసు నిలవలేదు.

కథ మత్తయి సువార్త రెండో అధ్యాయంలోనే ఉంది. అందులో జ్ఞానులు కలిసిన రాజు హేరోదు క్రీ.పూ. 4లో చనిపోయాడని ఎక్కువమంది చరిత్రకారుల లెక్క, కాబట్టి అంతకు ముందు ఏళ్ళలో వెతకాలి. హేలీ తోకచుక్క క్రీ.పూ. 12లో వచ్చింది, అది మరీ ముందు. క్రీ.పూ. 5లో 70 రోజులకు పైగా కనిపించిన ఒక 'చీపురు చుక్క'ను చైనావాళ్ళు నమోదు చేశారు. కానీ సువార్తలో, చుక్క ఎప్పుడు కనిపించిందో హేరోదే జ్ఞానులను అడిగి తెలుసుకుంటాడు. ఊరంతా వింతగా చూసిన వెలుగైతే రాజు ఎందుకు అడుగుతాడు? గ్రహాల నడక తెలిసినవాళ్ళకే అర్థమయ్యే చుక్క అయ్యుండాలి.

ఆ నడక మనకు బాగా తెలిసినదే. గురువు రాశిచక్రం చుట్టిరావడానికి సుమారు 12 ఏళ్ళు, అందుకే ఒక్కో నదికి పన్నెండేళ్ళకోసారి పుష్కరం. శనికి 29న్నర ఏళ్ళు. కాబట్టి గురువు శనిని 20 ఏళ్ళకోసారి దాటుతాడు. 2020 డిసెంబరు 21న ఇద్దరూ చంద్రబింబంలో అయిదో వంతు ఎడంలోకి వచ్చారు. క్రీ.పూ. 7లో మాత్రం మీనరాశిలో ఒకే ఏడు మూడుసార్లు కలిశారు: మే చివర, సెప్టెంబరు-అక్టోబరు సంధిలో, డిసెంబరు మొదట్లో.

మూడుసార్లు ఎలా? గుడియాత్తం బస్సులో కిటికీ పక్కన కూర్చోండి. ఎడ్లబండి ముందుకే పోతోంది. అయినా బస్సు దాన్ని దాటేటప్పుడు, దూరపు కొండను గుర్తుగా పెట్టుకుని చూస్తే, బండి వెనక్కి జారినట్టుంటుంది. మన భూమే ఆ బస్సు. 13 నెలలకోసారి గురువును దాటుతుంది. అప్పుడు గురువు నెమ్మదించి, ఆగి, నాలుగు నెలలు వెనక్కి నడిచి, మళ్ళీ ఆగి ముందుకు సాగినట్టు కనిపిస్తాడు. పంచాంగంలో వక్రం అంటే ఇదే. శనికీ వక్రం ఉంది. ఇంకా దూరాన ఉన్నాడు కాబట్టి ఆయన వెనకడుగు సుమారు 7 డిగ్రీలు, గురువుది 10. కిటుకంతా ఈ మూడు డిగ్రీల్లోనే ఉంది! భూమి ఇద్దరినీ దాదాపు ఒకేసారి దాటితే, శనిని అప్పుడే దాటిన గురువు వక్రించి, ఆయనకంటే ఎక్కువ వెనక్కి నడిచి రెండోసారి దాటుతాడు. వక్రం విడిచాక మూడోసారి. క్రీ.పూ. 7 సెప్టెంబరు నడుమ సరిగ్గా ఇలాగే కుదిరింది. 1980-81లోనూ కుదిరింది, మళ్ళీ 2238-39లోనే.

ఇక్కడ పొరబడినవాళ్ళు గొప్పవాళ్ళే. 1604లో కొత్త నక్షత్రాన్ని చూసిన ఖగోళవేత్త కెప్లర్, క్రీ.పూ. 7 నాటి కలయికను లెక్కగట్టి పట్టుకున్నాడు. కలయికే ఆ చుక్క అని ఆయన అన్నట్టు నేటికీ రాస్తుంటారు. నిజానికి కలయిక తర్వాత వేరే కొత్త చుక్క పుట్టిందని ఆయన ఉద్దేశం. కంటిచూపు తక్కువైనవారికి రెండు గ్రహాలూ ఒకే చుక్కగా కనిపించి ఉంటాయన్నాడు జర్మనీ పండితుడు ఇడెలర్. 1856లో ఇంగ్లండు ఖగోళవేత్త ప్రిచర్డ్ మళ్ళీ లెక్కవేస్తే మధ్య ఎడం డిగ్రీ దాకా తేలింది. అంటే రెండు చంద్రబింబాలంత!

సువార్తలో 'తూర్పున' అని అనువదించే గ్రీకు మాటకు 'ఉదయం' అనే అర్థం కూడా ఉంది. గ్రహానికి ఉదయమంటే మూఢం విడిచి తెల్లవారుజామున తొలిసారి కనిపించడం. గురుమూఢంలో పెళ్ళిళ్ళు ఆపుకునే మనకు దీన్ని విడమరిచి చెప్పాలా? చుక్క 'నిలిచింది' అని సువార్త అన్నది వక్రానికి ముందూ వెనకా వచ్చే స్తంభన అని నా నమ్మకం. ఆ ఏటి గ్రహస్థితులు లెక్కగట్టిన బాబిలోను మట్టిపలకల్లో ఈ కలయికకు ప్రత్యేక ప్రస్తావన లేదని ఆక్షేపిస్తారు. పలకలో ఉన్నది గణితం. ఫలితం చెప్పడం వేరే విద్య.

హైదరాబాదులో పెరిగిన ఖగోళవేత్త వైను బప్పు పేరు పెట్టిన 2.34 మీటర్ల టెలిస్కోపు మీకు దగ్గర్లోనే, జవ్వాది కొండల్లోని కావలూరులో ఉంది. దాన్ని అంకితం చేసింది 1986 జనవరి 6న. జ్ఞానుల రాకను స్మరించే పండుగ నాడే! అయితే వక్రం చూడటానికి టెలిస్కోపు అక్కర్లేదు. మిద్దె ఎక్కి, గురువు పక్కనున్న చిన్న చుక్కలను కాగితం మీద గుర్తించి, వారానికోసారి గురువు ఉన్న చోట చుక్క పెట్టండి. వీధిదీపాలు ఆ చిన్న చుక్కలను మింగేస్తున్నాయి, అదే నా బాధ. గురువు ఆగిన వారం మీ కాగితంలో చుక్క మీద చుక్క పడుతుంది.