మీకు తెలుసా? మిథనాల్ మంట పట్టపగలు కంటికి ఆనదు

పటాన్‌చెరు, బొల్లారం మందుల ఫ్యాక్టరీల్లో సాల్వెంటుగా డ్రమ్ముల కొద్దీ వాడే మిథనాలే మోడల్ విమానాల గ్లో ఇంజన్లకు ప్రధాన ఇంధనం. దానిలో ఆముదమో సింథటిక్ ఆయిలో, కొంత నైట్రోమీథేనూ కలుపుతారు. మిథనాల్ ఆవిరి సుమారు 11 డిగ్రీల సెల్సియస్ దగ్గరే అంటుకోగలదు. సంగారెడ్డిలో చలికాలపు మధ్యాహ్నం కూడా అంతకంటే వేడిగానే ఉంటుంది. పైగా ఆ మంట ఎండలో దాదాపు కనిపించదు.

అందుకే విమానాలు ఎగరేసే మైదానానికి తీసుకెళ్లే పెట్టెలో ఇంధనానికి ఏ డబ్బా పెడుతున్నామన్నది చిన్న విషయం కాదు. మందమైన హెచ్‌డీపీఈ డబ్బా (అడుగున త్రికోణంలో 2 అంకె ఉంటుంది) మేలు. అల్యూమినియం వద్దు, మిథనాల్ దాన్ని తినేస్తుంది. గాలిలోని తేమనూ పీల్చుకుంటుంది కనుక మూత బిగుతుగా ఉండాలి. ఇంజనుకు ఇంధనం అందించే గొట్టం సిలికాన్‌దైతే సరే; పెట్రోలు ఇంజనుకు మాత్రం అది పనికిరాదు, ఉబ్బిపోతుంది.

పాత కెమికల్ క్యాన్లు ఎంత కడిగినా వాడొద్దు, ముందు వాటిలో ఏముండేదో మనకు తెలియదు. మంచినీళ్ల సీసా అసలే వద్దు. మిథనాల్‌ను నీళ్లనుకుని తాగితే చూపు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. డబ్బా మీద ‘విషం, మండే ద్రవం’ అని తెలుగులో పెద్దగా రాయండి, పిల్లలకు అందనివ్వకండి.